భూమికి జానెడు ఎత్తున

జూన్ 28, శనివారం. సాయంత్రం ఆరుంబావు. మా అపార్ట్‌మెంటు సెల్లారు. హాజరైనవారు: సెక్రెటరీ గారు, లాయరు గారు, రెండో అంతస్తు టీచరమ్మ, మొదటి అంతస్తు బ్యాంకాయన (పది నిమిషాల తర్వాత కునుకు), మా ఆడపడుచు, నేను. రానివారు: మూడు వాటాలవారు. పిలవనివారు: రాంనగరమ్మ.

ఇది నా నిరుటి డైరీలో ఒక పేజీ పైభాగం. దాన్ని ఈ ఉదయం మళ్ళీ తీయాల్సి వచ్చింది. కొత్త వాషింగ్ మిషన్ బిగించడానికి కంపెనీ నుంచి మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, మెడలో కార్డు, చేతిలో ఫోను. ఫోనులో ఏదో ఫారం నింపుతూ తల ఎత్తకుండానే, “ఎర్తింగ్ ఉందామ్మా?” అని అడిగాడు. ఉంది అన్నాను. ఉందని నొక్కేసుకున్నాడు. చూడకుండానే రాసేశారేం అని అడిగితే, “మీరు చెప్పిండ్రు గదమ్మా” అన్నాడు. ఒకరు చెప్పిన మాటను చూడకుండా రాసుకోవడం ఒక తప్పయితే, చూడకుండా కొట్టేయడం ఇంకా పెద్ద తప్పని ఆయనకు వివరించబోయాను. ఈలోగా వంటింట్లోంచి మా ఆడపడుచు, “వదినా, పాపం ఆయన ఇంకో నాలుగిళ్ళు తిరగాలి” అంది. సరే, ఉపన్యాసం మానేశాను. కానీ బల్బు పెట్టి చూడమని మాత్రం పట్టుబట్టాను. చూశాడు. వెలిగింది. అప్పుడు మళ్ళీ నొక్కమన్నాను. ఆయన వెళ్ళిపోయాక డైరీ తీసి కూర్చున్నాను.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మా నాన్నగారు ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. నేను అక్కడ పుట్టి, నారాయణగూడలో చదువుకుని, పెళ్ళయ్యాక అశోక్‌నగర్ వచ్చాను. నా జీవితయాత్ర మొత్తం కొలిస్తే ఆటోలో పదిహేను నిమిషాలు, ట్రాఫిక్ ఉంటే అరగంట. మావారు పోయాక ఆయన చెల్లెలు నాతోనే ఉంటోంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి ఆవిడకు ఎవరి మాటైనా సగంలో అందుకునే అలవాటు ఉంది, మే నెలలో కూడా మరిగే నీళ్ళతో స్నానం చేసే అలవాటూ ఉంది. నా అలవాటు ఒక్కటే, డైరీ. పదిహేడో ఏట మొదలుపెట్టింది ఇప్పటిదాకా ఆగలేదు. వాన పడిందా, పాలు ఆలస్యమయ్యాయా, ఎవరు వచ్చారు, ఏమన్నారు, అంతే. అభిప్రాయాలు రాయను, జరిగింది మాత్రమే రాస్తాను అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గొప్ప నిరుడు జూన్ అయిదో తారీఖున పోయింది.

అది చెప్పాలంటే ముందు చెప్పుల సంగతి చెప్పాలి. మా ఇంట్లో మేమిద్దరం రబ్బరు చెప్పులతో తిరుగుతాం. చల్లటి గచ్చు మీద ఒట్టికాళ్ళతో నడవొద్దని మోకాళ్ళ డాక్టరు చెప్పాడు. మా బిల్డింగులో ఎనిమిది వాటాలుంటే ఎనిమిదింటిలోనూ మోకాళ్ళున్నాయి, అందుకని అందరిదీ అదే పద్ధతి. పనికి వచ్చేవాళ్ళు మాత్రం తమ చెప్పులు గుమ్మం బయట విడుస్తారు. విడవమని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా ఎవరూ తప్పరు. మా ఇంట్లో గిన్నెలు తోమి బట్టలు ఉతికే ఆమె రాంనగర్ నుంచి నడిచి వస్తుంది. మా ఆడపడుచు ఆమెను రాంనగరమ్మ అంటుంది, ఆమె పలుకుతుంది. నలభై దాటిన మనిషి, పొదుపుగా మాట్లాడుతుంది. మా ఇంట్లో, టీచరమ్మ ఇంట్లో, సెక్రెటరీ గారింట్లో చేసేది. మూడిళ్ళు ఒకే బిల్డింగులో ఉన్నాయి కాబట్టే అంత దూరం నడిచి రావడం ఆమెకు కుదిరేది.

ఆ ఏడాది ఎండాకాలంలో మా సెక్రెటరీ గారు ఒక ఘనకార్యం చేశారు. బిల్డింగు కట్టినప్పుడు వేసిన ఇనుప నీటిపైపులు తుప్పుపట్టి ఎర్రనీళ్ళు వస్తుంటే, కింది సంపు నుంచి పై ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి మళ్ళీ ప్రతి వాటా గోడ దాకా ప్లాస్టిక్ పైపులు వేయించారు. మూడేళ్ళు అందరినీ ఒప్పించి, ఎండలో నిలబడి చేయించిన పని. మే ముప్పై ఒకటిన నా డైరీలో “పైపుల పని పూర్తి. నీళ్ళు తెల్లగా” అని ఉంది. ఆ సాయంత్రం ఆయన ఒక గ్లాసులో నీళ్ళు పట్టుకుని ఇంటింటికీ వచ్చి చూపించారు. “చూడుండ్రి మేడమ్, అద్దం లెక్క ఉన్నయ్” అన్నారు. ఉన్నాయి. నేను అభినందించాను కూడా.

జూన్ అయిదు, గురువారం. రాంనగరమ్మ గిన్నెలు తోమే చోటు నుంచి లేచి వచ్చి చీర కుచ్చిళ్ళకు చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“అమ్మా, నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నది. నాలుగు దినాల సంది చూస్తున్న.”

నేను వెళ్ళి ఆ కుళాయి పట్టుకుని రెండుసార్లు తిప్పాను. “ఏదీ, నాకేం లేదే.”

“మీకు లేదేమో అమ్మా. నాకైతే కొడ్తున్నది.”

“కుళాయికి కూడా మనిషిని బట్టి కోపమా ఏమిటి?” అంది మా ఆడపడుచు. నవ్వుకున్నాం. రాంనగరమ్మ నవ్వలేదు. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: “రాంనగర్: కుళాయి షాక్ కొడుతోందట. సాకు.” జరిగింది మాత్రమే రాసే మనిషి రాసిన మాట అది. కొట్టేద్దామని తర్వాత చాలాసార్లు అనిపించింది. కొట్టేయలేదు. రికార్డు దిద్దకూడదు.

వారం తిరిగేసరికి టీచరమ్మ మెట్ల మీద కనబడింది. “గాజు గిన్నె పలగ్గొట్టింది మేడమ్. ఏందంటే నల్లా షాక్ కొట్టిందంటది. మా ఇంట్ల ఎవ్వరికి కొడ్తలేదు, ఈమెకే కొడ్తదా? రేపటి నుంచి రావద్దని చెప్పిన” అంది. సెక్రెటరీ గారి భార్య కూడా ఆలోచిస్తోందని చెప్పింది. అంటే ఆమెకు మిగిలేది మా ఇల్లొక్కటి. ఒక్క ఇంటి కోసం రాంనగర్ నుంచి ఎవరూ నడిచి రారు. ఆమె చేతికి తగిలేది నిజమో కాదో, దాని మీద ఆమె పని మొత్తం వేలాడుతోంది. నేను “అలాగా” అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. ఆ “అలాగా” కూడా డైరీలో ఉంది.

జూన్ పదహారు, సోమవారం. కూరగాయలు కడగడానికి వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. కుళాయి తిప్పే ముందు నడుముకు దోపుకున్న ఎండు గుడ్డపేలిక తీసి, దాన్ని కుళాయి పిడికి చుట్టి, అప్పుడు తిప్పింది. నీళ్ళు పట్టుకుంది. మళ్ళీ గుడ్డతోనే కట్టేసింది. గుడ్డను తడవకుండా నడుముకు దోపుకుంది. ఇదంతా ఎంత నేర్పుగా చేసిందంటే, ఎన్నో రోజులుగా చేస్తోందని తెలిసిపోయింది. నాకు చెప్పడం మానేసింది, అంతే. సాకు చెప్పే మనిషి ఎవరూ చూడనప్పుడు గుడ్డ చుట్టదు.

ఆమె వెళ్ళిపోయాక, గచ్చు ఇంకా తడిగా ఉండగానే, నేను చెప్పులు విప్పి ఆమె నిలబడ్డ చోట నిలబడి కుళాయి పట్టుకున్నాను. అరచేతి నుంచి మోచేతి దాకా చీమలబారు ఒక్కసారి పరుగెత్తినట్టయింది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. నా కేక విని మా ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. “నువ్వూ చెప్పులు విప్పి చూడు” అన్నాను. “అక్కర్లేదు వదినా, నువ్వు చెబితే నమ్మనా?” అంది. నా మాట నమ్మడానికి ఆవిడకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. రాంనగరమ్మ మాట నమ్మడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, అదీ నా చెయ్యి నాకు చెబితే.

అసోసియేషన్ తరఫున వచ్చే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. టెస్టరు పెట్టాడు, అందులో ఎర్రగా మినుకుమంది. “పాత బిల్డింగ్ల టెస్టరు అట్లనే వెలుగుతది మేడమ్. ఫ్యాన్ తిరుగుతుందా? ఫ్రిజ్ నడుస్తుందా? మరింకేంది పరేషాన్? చెప్పులేసుకోండ్రి” అన్నాడు. ఎందుకలా వెలుగుతుందని అడిగాను. “చెప్పినా మీకు సమజ్ కాదు మేడమ్, ఇది కరెంటు ముచ్చట” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఈ మాట నేను ఇరవయ్యో ఏట సర్వీసు రూల్స్ గురించి విన్నాను, యాభయ్యో ఏట కంప్యూటరు గురించి విన్నాను. రెండూ నేర్చుకున్నాను. డెబ్బై ఒకటో ఏట కరెంటు దగ్గర ఓడిపోదల్చుకోలేదు.

మర్నాటి నుంచి చిక్కడపల్లి గ్రంథాలయం. అక్కడ చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, మధ్యలో నేను, నా ముందు పదో తరగతి భౌతికశాస్త్రం. ఒకమ్మాయి చాలాసేపు చూసి, “ఏ పరీక్షకు ప్రిపేరవుతున్నరు ఆంటీ?” అని అడిగింది. మా అపార్ట్‌మెంటు మీటింగుకు అన్నాను. విద్యుత్ ప్రవాహం అంటే విద్యుదావేశాల క్రమమైన కదలిక అని రాసుకున్నాను. రెండు చోట్ల మధ్య పొటెన్షియల్ తేడా ఉంటేనే ఆ కదలిక. దారిలో అడ్డు పడేది నిరోధం. తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, నిరోధం పెరిగితే తగ్గుతుంది. లెక్కలు చేశాను, జవాబులు సరిపోయాయి, కానీ ఒక్కటీ నా కుళాయి దాకా రాలేదు. పుస్తకంలో నీళ్ళ ట్యాంకు బొమ్మ వేసి, వోల్టేజి అంటే ట్యాంకు ఎత్తు, కరెంటు అంటే పారే నీరు అని ఉంది. అది చూశాక నాకు రాత్రంతా ఒకే సందేహం. నీళ్ళ పైపు మూతి తెరిచి ఉంచితే ఇల్లంతా నీళ్ళే. మరి ఖాళీ ప్లగ్గులోంచి కరెంటు ఎందుకు కారదు? ఈ ప్రశ్న పుస్తకం చివర ఇచ్చిన ప్రశ్నల్లో లేదు.

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో మోటార్లకు తీగ చుట్టే ఒక పెద్దమనిషి ఉన్నాడు. మా ఇంటి ఫ్యాన్లన్నీ ఆయన చేతిలో ఒక్కసారైనా విప్పబడ్డవే. వైండింగ్ ఆయన అంటాం. గోడంతా రాగితీగ చుట్టలు, వార్నిష్ వాసన, ఆయన కూర్చునే గోనెపట్టా. కుళాయి సంగతీ రాంనగరమ్మ సంగతీ చెప్పి, నోటుబుక్కు తీసి నా ప్రశ్న అడిగాను. ముక్కు మీద కళ్ళద్దాలలోంచి నన్ను చూశాడు.

“మీకెందుకమ్మా ఇవన్నీ ఇప్పుడు?”

“ఇప్పుడు కాక ఇంకెప్పుడు?” అన్నాను.

నవ్వి, పట్టా మీద జాగా చూపించాడు. “జర కూసోండ్రి. నీళ్ళకు జాగ దొరికితే చాలు, కారుతయ్. కరెంటు గట్ల కాదు. దానికి వచ్చే తొవ్వ ఒకటి, పొయ్యే తొవ్వ ఒకటి, రెండు కావాలె. పొయ్యే తొవ్వ లేకుంటే వచ్చేదే రాదు. ఖాళీ ప్లగ్గుల గాలి ఉంది. గాలిలకెల్లి పోదు, ఆగుతది.”

“ఎక్కడికి పోవాలని దానికి?”

“యాడికెల్లి బయల్దేరిందో గాడికే. ట్రాన్స్‌ఫార్మర్ కాడికి. నూట్రల్ వైరు దొరికితే దాంట్లకెల్లి పోతది. ఏడన్న లీకయి బయటవడ్డదంటే భూమిలకెల్లి పోతది. మీరు రబ్బరు చెప్పుల మీద ఉన్నరు, మీ నుంచి తొవ్వ బంద్. ఆ పనామె తడి గచ్చు మీద ఒట్టికాళ్ళతోటి నిలవడ్డది. ఇగ ఆమెనే తొవ్వ.”

పుస్తకంలో తీగ మీద వాలిన పిచ్చుకకు షాక్ ఎందుకు తగలదని ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు బట్టీపట్టాను గానీ అర్థమైంది ఆ పట్టా మీదే. పిచ్చుక భూమిని ముట్టుకోదు. మేమందరం ఆ మూడు వారాలూ రబ్బరు మీద కూర్చుని, నేల మీద నిలబడ్డ మనిషిని అబద్ధమాడుతోందన్న పిచ్చుకలం.

“ఎప్పటి సంది కొడ్తున్నది?” అని అడిగాడు. ఆమె చెప్పిన లెక్క ప్రకారం జూన్ ఒకటి అన్నాను. “అంతకు ముందు బిల్డింగ్ల ఏమన్న మారిందా?” డైరీ సంచీలోనే ఉంది. ఒక్క పేజీ వెనక్కి తిప్పితే చాలు. చదివి వినిపించాను. ఆయన చేతిలో తీగచుట్ట కింద పెట్టేశాడు. “ఇనుప పైపులు తీసేసిండ్రా?”

జూన్ ఇరవై నాలుగున ఆయన మా సెల్లారుకు వచ్చాడు. మీటర్ల బోర్డు పక్కన, గోడ వెంట, ఒక పాత ఇనుప పైపు ముక్క నిలబడి ఉంది. ఎనిమిది వాటాల నుంచి వచ్చిన ఆకుపచ్చ ఎర్త్ వైర్లు దాని మెడకు క్లాంపుతో బిగించి ఉన్నాయి. పై నుంచి కిందకు చూస్తూ వస్తే, ఆ పైపు భూమికి జానెడు ఎత్తున ఆగిపోయింది. రంపంతో కోసిన గుర్తు. బిల్డింగు కట్టిన రోజుల్లో ఎర్తింగు కోసం వేరే గుంట తవ్వకుండా నీళ్ళ పైపుకే కట్టేశారని, అది నేలలోకి పోతుంది కాబట్టి ఇన్నేళ్ళూ నడిచిందని ఆయన చెప్పాడు. కొత్త పైపులు వేసిన ప్లంబరుకు వైర్లున్న ముక్కను ముట్టుకోవడం భయమేసి, కింద కోసి, పైన వదిలేశాడు. వాటాల గోడల్లో పాత ఇనుప పైపులు అలాగే ఉన్నాయి. ఎర్త్ వైర్లు వాటిని తాకుతూనే ఉన్నాయి. “ఇప్పుడు ఇంటింటి నల్లాలు ఒకదానికొకటి చుట్టాలే అమ్మా, భూమికే ఎవ్వరు ఏమీ కారు. ఎవరింట్లనో గీజరో మోటరో జర లీకుంది. ముందు గూడ ఉండే, కాని చప్పుడు లేకుంట భూమిలకు పొయ్యేది. ఇప్పుడు పోనీకి తొవ్వ లేదు, ఒట్టికాళ్ళ కోసం చూస్తున్నది. వానలు గట్టిగ వడ్డయంటే జుమ్మనుడు కాదు, పట్టుకుంటది.” బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టిన సాధనం ఒకటి సంచీలోంచి తీసి, ఒక తీగను కరెంటుకు, ఒకదాన్ని ఆ పైపుకు పెట్టాడు. ఎర్తు ఉంటే బల్బు భగ్గున వెలగాలి. వెలగలేదు.

ఫ్యాను తిప్పదు, దీపం వెలిగించదు, బిల్లులో కనిపించదు. ఎర్త్ వైరు జన్మంతా ఏ పనీ చేయకుండా సిద్ధంగా ఉంటుంది. రికార్డు సెక్షన్లో పనిచేసిన మనిషికి దాని మీద అభిమానం పుట్టడంలో వింతేముంది?

ఇక ఆ శనివారం మీటింగు. కుర్చీలు వేసిన చోటికి ఆ పైపు నాలుగడుగుల దూరం. నేను తేదీలు చదివాను, పైపు చూపించాను. సెక్రెటరీ గారి మొహం ఎర్రబడింది. ఆయన మూడేళ్ళ కష్టాన్ని నేను వేలెత్తి చూపిస్తున్నానని ఆయన బాధ. అది అబద్ధమూ కాదు.

“మేడమ్, మంచినీళ్ళు ఇచ్చినందుకు నాకు గిదా బహుమానం? కరెంటుకు, పైపులకు ఏం సంబంధమండి?”

“ఆ సంబంధం మీ వెనకే ఉంది. తిరిగి చూడండి.”

ఆయన తిరగలేదు. లాయరు గారు గొంతు సవరించుకుని, డైరీ సాక్ష్యంగా చెల్లదని అన్నారు. అయితే కుళాయి చెల్లుతుందా, పైకి వచ్చి చెప్పులు విప్పి పట్టుకోండి అన్నాను. ఎవరూ లేవలేదు. చివరికి సెక్రెటరీ గారు మధ్యేమార్గం కనిపెట్టారు. పనివాళ్ళందరూ ఇంట్లో వేసుకోవడానికి వేరే రబ్బరు చెప్పులు తెచ్చుకోవాలి, కరెంటు సంగతి వచ్చే నెల చూద్దాం అన్నారు.

“వంటింట్లకు చెప్పులా?” అంది టీచరమ్మ. “మా ఇంట్ల దేవుని అల్మారా వంటింట్లనే ఉంటది.”

“మీ కాళ్ళకున్నవి ఏమిటమ్మా?” అని మా ఆడపడుచు మాట సగంలో అందుకుంది. ఆ అలవాటుకు నేను మొదటిసారి సంతోషించాను.

తీర్మానం రాయమన్నారు. దస్తూరి బాగుంటుందని పదేళ్ళుగా మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు నచ్చనివి ఎన్నో రాశాను, ఎందుకంటే జరిగింది రాయడమే నా పని. ఆ రోజు కలం మూత పెట్టేశాను.

“ఇది నేను రాయను. చెప్పులు వేయించడమంటే ఆమె కాళ్ళ కింద తొవ్వ మూయడం. చెయ్యి గోడకు తగిలితే ఇంకో తొవ్వ. నేను రాసేది ఇది: రేపు ఉదయం ఏడింటికి మెయిన్ ఆపేస్తున్నాను. ఎవరింట్లో లీకుందో తేలేదాకా వేయను. బకెట్లు నింపుకోండి. ఏడు దాటాక లిఫ్టు ఎక్కకండి.”

“మీకు ఆ అధికారం లేదు మేడమ్.”

“లేదు. అధికారం లేకుండానే ఆపుతున్నానని మీరే రాసుకోండి.” పుస్తకం ఆయన ముందు పెట్టి వచ్చేశాను. ఎనిమిది చీటీలు రాసి, మీటింగుకు రాని వాళ్ళతో సహా ఎనిమిది తలుపుల కింద నుంచి తోశాను. మా తలుపు కింద కూడా. పద్ధతి పద్ధతే.

మర్నాడు ఆదివారం, ఉదయం ఆరూ నలభైకి వైండింగ్ ఆయన వచ్చాడు. లిఫ్టు ఖాళీగా ఉందని వాచ్‌మన్ చూసి వచ్చాడు. మెయిన్ తానే లాగుతానని వైండింగ్ ఆయన అన్నా నేను ఒప్పుకోలేదు. “అయితే చేతులు తుడుచుకోండ్రి. ఎండు చెక్క మీద నిలవడుండ్రి. ఒక్క చెయ్యితోటే గుంజుండ్రి, మొఖం పక్కకు వెట్టుండ్రి” అన్నాడు. ఏడింటికి పిడి కిందికి లాగాను. ఇన్నేళ్ళుగా ఆ బిల్డింగులో ఒక సన్నటి హోరు ఉండేదని, అది ఆగాకే తెలిసింది. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఎవరిదో టీవీ, అన్నీ ఒక్కసారి ఊరుకున్నాయి. కుర్చీ లాక్కుని బోర్డు ముందు కూర్చున్నాను.

సెక్రెటరీ గారు బ్రష్షు చేత్తోనే దిగివచ్చారు. పోలీసులకు ఫోన్ చేస్తానన్నారు. చేయండి, వాళ్ళకూ కుళాయి చూపిద్దాం అన్నాను. లాయరు గారు చీటీ చదువుతూ నిలబడి ఏమీ అనలేదు. లాయరు ఏమీ అనకపోవడం మద్దతు కిందే లెక్కేసుకున్నాను. టీచరమ్మ మూడు మెట్ల పైన ఆగిపోయింది.

అన్ని వాటాల స్విచ్చులూ కట్టేసి, పెద్ద మెయిన్ వేసి, వైండింగ్ ఆయన ఆ బల్బు తీగల్లో ఒకటి ఇనుప పైపుకు, ఒకటి నూట్రల్‌కు తగిలించాడు. బల్బు నల్లగా ఉంది. ఇప్పుడు ఒక్కొక్క వాటా వేస్తూ రావాలి, ఇంట్లో గీజరుతో సహా అన్నీ ఆన్ చేసి ఉంచాలి. మొదటి అంతస్తు బ్యాంకాయనది, ఏమీ లేదు. ఎదుటి వాటా, లేదు. టీచరమ్మది, లేదు. ఆవిడ ఊపిరి వదలడం నాకు వినిపించింది. లాయరు గారిది, లేదు. మూడో అంతస్తులో మా స్విచ్చి పైకి ఎత్తగానే బల్బులో తీగ ఎర్రగా, బీడీ నిప్పులా రాజుకుంది. కట్టేస్తే ఆరింది. వేస్తే రాజుకుంది. మిగిలిన మూడూ చూశాం, సెక్రెటరీ గారిదితో సహా. ఏమీ లేదు. మా ఒక్కరిదే. మా ఆడపడుచు వేణ్ణీళ్ళ గీజరు.

“మీ ఇంటిదే గద మేడమ్” అన్నారు సెక్రెటరీ గారు. ఆయన గొంతులో ఉదయం నుంచి లేని సంతోషం వచ్చింది.

“మాదే. మా గీజరు లీకు, మీ పైపు కోత. రెండూ కలిస్తేనే ఆమె చేతికి తగిలింది. మాది ఇప్పుడే తీసేయిస్తున్నాను. మీది ఎప్పుడు?” అని కలం ఆయనకు ఇచ్చాను. ఆయన కలం అందుకుని, మొదటిసారి వెనక్కి తిరిగి ఆ పైపును చూశారు. వంగి, కోసిన అంచుకూ నేలకూ మధ్య అరచెయ్యి పెట్టి కొలిచారు. మినిట్స్ పుస్తకంలో ఎర్తింగు గుంట ఆ రోజే మొదలుపెట్టాలని ఆయనే రాశారు. దస్తూరి బాగాలేదు, విషయం బాగుంది. మా గీజరును గోడ నుంచి విప్పేశాక అన్ని స్విచ్చులూ వేసి చూశాం. బల్బు నల్లగానే ఉండిపోయింది.

ఎనిమిదిన్నరకు రాంనగరమ్మ వచ్చింది. మెట్ల దగ్గర టీచరమ్మ ఆమెను ఆపి, “రేపటి నుంచి మా ఇంటికి రా” అంది. “చూస్తనమ్మా” అని, ఆగకుండా మెట్లెక్కింది. పైన నేను జరిగిందంతా వరసగా చెప్పాను. లీకు ఎక్కడుందో, దారి ఎలా తెగిందో, ఆమె కాళ్ళ గుండా ఎందుకు పోయిందో. నా తప్పు కూడా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డం రాకుండా వింది.

“అయితే ఇప్పుడు కొట్టదా?”

“కొట్టదు.”

“మీరు ముట్టుకోండ్రి ముందు.”

చెప్పులు గోడ వారగా పెట్టి, తడి గచ్చు మీద నిలబడి, తడి చేత్తో కుళాయి పట్టుకున్నాను. ఆమె కుళాయిని చూడలేదు, నా మొహం చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత పొయ్యి మీద గిన్నె వేడి చూసినట్టు వేళ్ళ వెనక వైపుతో ఒకసారి తాకి, వెంటనే తీసేసి, మళ్ళీ తాకి, అప్పుడు తిప్పింది. నీళ్ళు వచ్చాయి. కూర్చుని గిన్నెలు ముందుకు లాక్కుంది. ఆమె చెప్పింది నమ్మడానికి నాకు పదకొండు రోజులు కావలసి వచ్చింది. నేను చెప్పింది నమ్మడానికి ఆమె ఎన్నాళ్ళు తీసుకున్నా ఆ కాలం పూర్తిగా ఆమెది, దాన్ని నా డైరీలో లెక్కగట్టే హక్కు నాకు లేదు.